గోడ అవతలి కుందేలు

చూలై, చెన్నై
జూన్ 3

ప్రియమైన తమ్ముడు వత్సలానికి,

నీకు గొంతు ఆపరేషనై ఏడు నెలలాయె. ఫోను చేస్తే నువ్వు మాట్లాడలేవు. వీడియోలో మొహం చూపించవు. టైపు కొట్టేది నీ వల్ల కాదన్నావంట. నీ కొడుకు నిరంజన్ "నాయన బాగుండాడు అత్తా" అని ఒక్క మాట చెప్పి పెట్టేస్తాడు. ఇంతకు ముందు రాసిన మూడు ఉత్తరాలకీ నీ దగ్గర్నించి జవాబు లేదు. దీనికైనా రాస్తావని నమ్మకం, ఎందుకంటే ఇది నీకు తెలిసిన సంగతి.

మా ఇంటి వెనక మూతపడిన ప్రింటింగ్ ప్రెస్సు కాంపౌండు ఉండాది గదా, నిన్న పొద్దున వంటింటి కిటికీలోంచి చూస్తే ఆడ పగిలిన నీళ్ల తొట్టి పక్కన తెల్లగా ఏదో కనిపించింది. ప్లాస్టిక్ కవరు అనుకున్నా. గాలి లేకుండానే కదిలింది. చూస్తే కుందేలు. తెల్లటి ఒళ్లు, వీపు మీద బూడిద రంగు మచ్చ, చెవులు రెండూ నిక్కబొడుచుకుని. "ఎవురే నువ్వు?" అన్నా. అంతే, తొట్టి వెనక్కి దూరేసింది.

పశువుల డాక్టర్ల కాలేజీలో ఇరవై ఎనిమిదేండ్లు కుందేళ్ల గది చూసుకున్నోడివి. చెప్పు, ఇది అడివిదా, ఇంట్లో పెరిగిందా? ఆడనే వదిలేస్తే బతుకుతాదా?

కాళ్లు నొప్పులున్నా రోజూ కిటికీ దగ్గరే నిలబడుతున్న,
మీ అక్క కనకవల్లి


తిరుత్తణి
జూన్ 6

అక్కయ్యకు,

తెల్లగా ఉందంటే ఇంట్లో పెరిగిందే. మన పక్క అడివిలో తెల్ల కుందేళ్లుండవు. ఎవురో పెంచి వదిలేసినారు. బయట ఎక్కువ దినాలు బతకదు. కుక్కలు, పిల్లులు, ఎండ.

వెంటపడి పట్టబోవద్దు. భయానికే గుండె ఆగిపోతాది. లేదంటే గింజుకుని నడుము విరగ్గొట్టుకుంటాది. ముందు ఊరికే చూడు. ఎన్ని గంటలకి వస్తాది, యాడ దాక్కుంటాది, ఏం తింటాది, ఈ మూడూ చూసి రాయి.

వత్సలం


చూలై
జూన్ 9

ప్రియమైన వత్సలానికి,

నీ ఉత్తరం చిన్నదే అయినా నాలుగు సార్లు చదివినా. నీ చేతిరాత ఏం మారలేదు.

నువ్వు చెప్పినట్టే చూసినా. క్యాలెండరు వెనక రాసుకున్నా కూడా. పొద్దున ఆరింటికి తొట్టి దగ్గరికి వస్తాది. సాయంత్రం అయిదున్నరకి కనిపిస్తాది గానీ తొట్టి దగ్గర కాదు, ఆ చివర పాత కాగితం కట్టలున్న గోడ పక్కన. మధ్యాహ్నమంతా కనపడదు.

వీధి మొగదాల్లో ఇస్త్రీ చేసే పొన్నుతాయిని అడిగితే, వెనక వీధిలో ఇల్లు ఖాళీ చేసినోళ్లెవరో వదిలిపోయి ఉంటారంది. ఆమె వాచ్‌మన్ గోవిందన్‌ని అడిగి నాకు కాంపౌండు చిన్న గేటు తాళంచెవి ఇప్పించింది. నిన్న సాయంత్రం కొత్తిమీర కట్ట తీసుకుని పోయినా. దూరంగా పెట్టి వచ్చి రాయి మీద కూర్చున్నా. వచ్చి మొత్తం తినేసింది. తినేటప్పుడు ఆ మూతి ఎంత తొందరగా కదులుతాదో. దాని మనసులో ఏముంటాదా అని అట్లే చూస్తా కూర్చున్నా.

ఒక సంగతి. దాని ఎడమ చెవి వాలిపోయి ఉండాది. మొన్న చూసినప్పుడు నిలబడే ఉండె. దెబ్బ తగిలిందేమో. మందేమన్నా పెట్టాల్నా?

నువ్వు ఏం తింటా ఉండావో కూడా రాయి. కుందేలు తిండి ఒకటే రాసి సరిపెట్టొద్దు.

మీ అక్క


తిరుత్తణి
జూన్ 12

అక్కయ్యకు,

నేను గంజి తాగతా ఉండా, మెత్తటి అన్నం తింటా ఉండా. చాలా?

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. రోజూ ఒకే టైముకి, ఒకే చోట తిండి పెట్టు. ఎక్కువ గరిక, దాంతో పాటు కొత్తిమీర, ముల్లంగి ఆకు. చివర్లో చిన్న అరటిపండు ముక్క, గోరంత. దాని వాసనకి తప్పక వస్తాది. క్యాబేజీ వద్దు, కడుపు ఉబ్బుతాది. నువ్వు రాయి మీద కాదు, నేల మీద కూర్చో. పైనుంచి వంగినామంటే దానికి గద్ద వచ్చినట్టే.

ఒకటి రెండు దినాలైనాక హార్డ్‌వేర్ షాపులో రెండడుగుల ఎత్తు జాలీ కొని, తిండి పెట్టే చోట చుట్టూ నిలబెట్టు. ఒక పక్క తెరిచి ఉంచు. వెంటనే మూయొద్దు. జాలీ లోపల తినేది దానికి అలవాటు కావాల. అప్పుడు ఒకరోజు అది తింటా ఉండగా ఆ తెరిచిన పక్క మెల్లగా మూసేసేయి. పాత టవల్ మీద కప్పి, ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి వెనక కాళ్ల కింద పెట్టి ఎత్తు. చెవులు పట్టుకుని ఎత్తేది ఎక్కడన్నా చూసుంటే మర్చిపో.

దానితో మాట్లాడతా ఉండావు గదా? మెల్లగా మాట్లాడితే తప్పు లేదు. కానీ నువ్వు మెల్లగా మాట్లాడేది నేను పుట్టినప్పట్నించి వినలేదు. నోరు మూసుకో.

చెవి సంగతి మళ్లీ చూసి రాయి. ఎడమదేనా? వాలిందా, చిరిగిందా?

వత్సలం


చూలై
జూన్ 16

ప్రియమైన వత్సలానికి,

జాలీ నిలబెట్టినా. నేల మీద కూర్చుంటే మళ్లీ లేవడానికి పొన్నుతాయి చెయ్యి పట్టాల్సి వస్తా ఉండాది. అయినా కూర్చుంటా ఉండా. నోరు కూడా మూసుకున్నా, ఎంత కష్టమో నీకు తెలీదు.

నాకు దీని గుణం అర్థం కావడం లేదు. సాయంత్రం నా కాళ్లకి జానెడు దూరం దాకా వచ్చి తింటాది. మర్నాడు పొద్దున అదే కొత్తిమీర పెడితే వాసన కూడా చూడకుండా నన్ను చూసి కాళ్లు నేలకేసి కొట్టి పారిపోతాది. మనిషిని గుర్తుపట్టదా ఏమి?

చెవి ఈరోజు పొద్దున చూసినా. రెండూ బాగానే నిలబడినాయి. దెబ్బ నయమైనట్టుంది.

గోవిందన్ ఒక మాట చెప్పినాడు. ఆ కాంపౌండు కొన్నోళ్లు అపార్ట్‌మెంట్లు కడతారంట. కంట్రాక్టరు సెంథిల్ వచ్చి కొలతలు తీసుకుని పోయినాడు. ఇరవై మూడో తేదీ, సోమవారం, జేసీబీ వస్తాది. ఆడ కుందేలుందయ్యా అని చెప్తే గోవిందన్ నవ్వినాడు.

ఇంక వారమే ఉండాది. నా చేతులకి ఇది పట్టుబడేటట్టు లేదు తమ్ముడూ. రైల్లో రెండు గంటల దారి. ఒక్కసారి వచ్చి పట్టిచ్చి పోరాదా?

మీ అక్క


తిరుత్తణి
జూన్ 18

అక్కకు,

నీ ఉత్తరాలన్నీ ముందర పెట్టుకుని చదివినా. మూడో తేదీ చెవులు నిక్కబొడుచుకుని ఉండాయి. తొమ్మిదో తేదీ ఎడమ చెవి వాలింది. పదహారున మళ్లీ నిలబడింది. ఇరవై ఎనిమిదేండ్లలో నేను కొన్ని వందల కుందేళ్లని చూసినా. అట్లా వాలిన చెవి వారంలో లేచి నిలబడేది ఒక్కటీ చూడలేదు. సాయంత్రం ఒళ్లోకి వచ్చేది పొద్దున శత్రువుని చూసినట్టు చూడదు.

నాకు ఒకటే అర్థమైంది. ఆడ కుందేలు లేదు. నన్ను మాట్లాడించాలని, రైలెక్కించాలని నువ్వు అల్లిన కథ ఇది. రాసేటప్పుడు ముందు ఏం రాసినావో మర్చిపోతా ఉండావు.

నువ్వు ఇట్లా చేసేది మొదటిసారి కాదు. నవంబర్లో ఆపరేషన్‌కి ముందు ఆస్పత్రిలో నా మంచం పక్కన కూర్చుని, "మూడు నెలల్లో గొంతు తిరిగి వస్తాదని డాక్టరు చెప్పినాడు" అన్నావు. ఆపరేషన్ కాగితం మీద సంతకం నువ్వే పెట్టినావు. గొంతు ఇంక ఎప్పటికీ రాదని డాక్టరు నీకు ముందే చెప్పినాడని నిరంజన్ నోరు జారితే తెలిసింది. మూడు నెలలు నేను రోజూ పొద్దున లేచి, ఈరోజు ఏమన్నా శబ్దం వస్తాదా అని చూసుకున్నా. అది నీకు తెలుసా?

ఇంక రాయొద్దు.

వత్సలం


చూలై
జూన్ 20

తమ్ముడు వత్సలానికి,

ఆస్పత్రిలో నేను అబద్ధం చెప్పినా. నిజమే. నిజం చెప్తే నువ్వు ఆపరేషన్ వద్దని ఇంటికి పొయ్యేవాడివి. నాకు నీ గొంతు కన్నా నువ్వు కావాల్సి వచ్చింది. మూడు నెలలు నువ్వు రోజూ చూసుకున్నావని నాకు తెలీదు. దానికి నేను ఏం చెప్పినా సరిపోదు.

కుందేలు మాత్రం అబద్ధం కాదు. నేను కళ్లతో చూసిందే రాసినా. చెవి ఎందుకు లేచిందో నన్నడిగితే నేనేం చెప్పేది?

ఎన్నూరులో నా కూతురు విజి బిడ్డకి అమ్మవారు పోసింది. ఈ పొద్దు పోతా ఉండా, ఆదివారం సాయంత్రానికి వస్తా. అంతవరకు తిండి పెట్టమని పొన్నుతాయికి చెప్పినా. సోమవారం జేసీబీ వస్తాది. అది వచ్చేలోపల, ఆ తెల్లవారుజామున నేను చేయగలిగింది చేస్తా.

నువ్వు రాయొద్దన్నావు. ఇది ఆఖరుది.

అక్క


చూలై, నీ ఇంట్లో
జూన్ 22, ఆదివారం

అక్కయ్యా,

నిన్న మధ్యాహ్నం రైల్లో వచ్చినా. నిన్ను చూడటానికని చెప్తే అబద్ధమౌతాది. నీ అబద్ధం పట్టుకోవాలని వచ్చినా. మెడకి తువ్వాలు చుట్టుకుని, ఎవురూ నాతో మాట్లాడకుండా తల వంచుకుని కూర్చున్నా.

ఇల్లు తాళం. పొన్నుతాయి వచ్చి ఎవరు కావాలని అరవంలో అడిగింది. నా పేరు కాగితం మీద అరవంలో రాసి చూపించినా. ఆమె అది చదివి, తన ఇంట్లోకి పోయి ఒక ఉత్తరం తెచ్చింది. నువ్వు పోస్టులో వేయమని ఇచ్చింది, ఇంకా వేయలేదంట. అడ్రసులో నా పేరు చూసి నా చేతికే ఇచ్చింది, ఇంటి తాళంచెవీ గేటు తాళంచెవీ కూడా ఇచ్చింది. వంటింట్లో నిలబడి ఉత్తరం చదివినా. మడిచి జేబులో పెట్టుకున్నా.

అయిదింటికి గేటు తీసుకుని లోపలికి పోయినా. నువ్వు నిలబెట్టిన జాలీ వంకరగా ఉండె, సరిచేసి గరిక, అరటిపండు పెట్టి నేల మీద పడుకున్నా. అయిదున్నరకి కాగితం కట్టల్లోంచి వచ్చింది. తెల్లది, బూడిద మచ్చ, ఎడమ చెవి వాలింది. నేను లేనే లేదన్న కుందేలు నా కళ్ల ముందర గరిక నమలతా ఉండె. జాలీ మూసి, టవల్ కప్పి, ఎత్తుకున్నా. నా చేతుల్లో దాని గుండె కొట్టుకుంటా ఉంటే, ఎన్నో ఏండ్ల తర్వాత మళ్లీ పనిలోకి పోయినట్టనిపించింది.

అప్పుడు కూడా నేను నిన్ను పూర్తిగా నమ్మలేదు. కుందేలు నిజమే, చెవి సంగతి అక్క సరిగ్గా చూడలేదు, కంటికి ఆపరేషన్ చేయించుకోవాల అనుకున్నా. రాత్రి దాన్ని నీ బాత్రూంలో గోనె పరిచి పెట్టినా.

ఈ పొద్దున కాఫీ పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడినా. తొట్టి పక్కన తెల్లటి కుందేలు. వీపు మీద బూడిద మచ్చ. రెండు చెవులూ నిక్కబొడుచుకుని ఉండాది. పోయి బాత్రూం తలుపు తీసి చూసినా. చెవి వాలింది లోపలే ఉండాది, ముల్లంగి ఆకు తింటా ఉండాది. మళ్లీ కిటికీకి వచ్చి చూసినా.

రెండు కుందేళ్లు అక్కా. పొద్దునది వేరే, సాయంత్రానిది వేరే. నువ్వు చూసింది చూసినట్టే రాసినావు. చూడకుండానే తెలుసనుకున్నది నేను.

రెండోది సులువుగా దొరకలేదు. తొట్టి కింద పాత పైపులో దూరేసింది. పొన్నుతాయి గేటు దగ్గర కూర్చుని కుక్కలని రాకుండా చూసింది. నేను పైపు ముందర జాలీ బిగించి, తిండి పెట్టి, బోర్లా పడుకున్నా. పదకొండు కొట్టింది, ఒంటిగంట కొట్టింది. వీపు కాలిపోతా ఉండె. దాని ముక్కు కొన మాత్రం కనిపిస్తాది, బయటికి రాదు. రేపు ఈ టైముకి ఆ పైపు ఉండదు.

పనిలో ఉన్నప్పుడు నేను వాటిని నోటితో పిలిచేది లేదు. నాలుకని అంగిటికి కొట్టి టక్ టక్ అనేవాడిని. ఆపరేషనైనప్పట్నించి నోటితో ఏ శబ్దమూ చేయలేదు, ప్రయత్నం కూడా మానేసినా. ఈరోజు నాకు తెలీకుండానే చేసేసినా. టక్ టక్ అని వచ్చింది. దానికి గొంతు అక్కర్లేదని నాకు అప్పుడే తోచింది. మళ్లీ చేసినా. పొన్నుతాయి తిరిగి చూసింది. ఎంతసేపు చేసినానో తెలీదు. మూడు దాటినాక అది ఒక్కొక్క అడుగే వేసుకుంటా బయటికి వచ్చి, నా వేళ్లు వాసన చూసింది.

రెండూ మగవే. కొట్లాడుకుని కాంపౌండు చెరొక పక్క పంచుకున్నట్టుండాయి. వాలిన చెవి మొదట్లో పాత పంటి గాటు ఉండాది. ఒకటి బాత్రూంలో, ఒకటి ముందు గదిలో బీరువా పక్కన. రెంటినీ ఒకచోట వదలొద్దు, చంపుకుంటాయి. మగవాటికి ఆపరేషన్ చేయిస్తే కొన్నాళ్లకి నిమ్మళిస్తాయి. రేపు పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోదాం.

నవంబర్ సంగతి. నువ్వు ఆరోజు నిజం చెప్పుంటే నేను ఆ ఆపరేషన్ బల్ల ఎక్కేవాడిని కాదు. మంచం దిగి తిరుత్తణి పోయుండేవాడిని. ఈపాటికి నా ఫొటోకి దండ వేసుంటారు. ఇది నాకు చాలా దినాల ముందే తెలుసు. నీకు చెప్పడానికి మనసు రాలేదు. నా కోపమంతా పోయిందని రాయను. సగం పోయింది.

నువ్వు ఎన్నూరు నుంచి వచ్చినాక పలక మీద రాసి చెప్దామనుకున్నా. కానీ నేను ఒక్క మాట రాసేలోపల నువ్వు పది మాటలు మాట్లాడతావు, రాయనియ్యవు. అందుకే అంతా ఇప్పుడే రాసి పెట్టినా. దీన్ని నీ చేతికిచ్చి నీ ఎదురుగా కూర్చుంటా. మొత్తం చదివినాక మాట్లాడు. ఎంతసేపైనా మాట్లాడు, వింటా.

నీ తమ్ముడు
వత్సలం