కొంగుముడి ఫొటో

మంగళవారం, షార్లెట్, అమెరికా

శ్రావణి మీద కేసు కాగితాలకి సంతకం పెట్టి వచ్చాను. మా ఆయన్ని వలలో వేసుకున్నందుకు ఈ రాష్ట్రంలో దాని నుంచి పరిహారం అడగొచ్చట. కాకపోతే అంతకుముందు మా కాపురం బాగుండేదని రుజువు చేయాలి. పోయినేడు సత్యనారాయణ వ్రతంలో ఇద్దరం కొంగుముడితో పీటల మీద కూర్చున్న ఫొటో ఇచ్చాను.

"పర్‌ఫెక్ట్ ఆంటీ! ఎంత హ్యాపీగా ఉన్నారో!" అంది ఇక్కడే పుట్టి పెరిగిన మా తెలుగు లాయరమ్మాయి.

తలూపాను. నిజానికి ఆ వ్రతానికి ఏడాది ముందు నుంచే మావి వేరు వేరు పడకగదులు. అయినా సంతోషంగా ఉండేవాళ్ళమని ప్రమాణం చేసి రాసిచ్చాను. శ్రావణి లాక్కుపోవడానికి అసలు మా మధ్య ఏం మిగిలిందని...

కోర్టులో ఈ సంగతి ఎవరికీ తెలియదు, శ్రావణికి తప్ప. వ్రతం రోజు ప్రసాదానికి రవ్వ వేయిస్తూ నేను చెప్పుకుని ఏడ్చింది, సాయానికొచ్చిన దాని దగ్గరే. "ఊరుకో అక్కా, అన్నీ సర్దుకుంటాయి" అంటూ తన కొంగుతో నా కళ్ళు తుడిచింది.