నీ మనవరాలికి టీకా

అక్కా,

ఇందుమూలముగా సకల జనులకూ తెలియజేయడమేమనగా, నేను మీసం తీసేశాను. మన మేక నా గొడుగు నమిలేసింది.

ఇవాళ నీ మనవరాలిని బోగోలు డాక్టరుగారి దగ్గరకు ఎత్తుకెళ్ళి మశూచి టీకా వేయించాను. సూది చూసి నేను కళ్ళు మూసుకుంటే నర్సమ్మ, "ఏందన్నా, టీకా పాపకా, నీకా?" అంది.

బయటికొచ్చాక, మాతో వచ్చిన నీ కూతురు అడిగింది.

"మామా, మాయమ్మ ఎందుకు ఏయించుకోలా?"

"మీయమ్మకి బయంలే."

ఆ భయం పెట్టింది నేనే. టీకాలాయన మన వీధికి వచ్చిన రోజు, తోటపల్లి గూడూరులో ఒకామెకు టీకా వేస్తే చెయ్యి కుళ్ళి ఊడిపోయిందని నీకు చెప్పాను. నువ్వు గాదె వెనక దాక్కుంటే పగలబడి నవ్వాను. ఆ వేసవిలోనే మశూచి సోకి పోయావు.

అక్కా, అలాంటి ఆమె ఏ ఊళ్ళోనూ లేదు. నువ్వు పరుగెత్తితే చూడాలని నేనే కల్పించాను.