పెద్దమామ నోరు

2008 జూలై 10, గురువారం

మత్తు మాన్పించే మా కేంద్రానికి సర్టిఫికెట్ ఇవ్వవచ్చో లేదో చూడటానికి ఈరోజు చెన్నై నుంచి డాక్టరమ్మ వచ్చింది. రిజిస్టర్లు చూసి తలూపింది. తర్వాత నేను మాత్రలిచ్చే బల్ల పక్కనే కూర్చుంది.

మాత్ర పొడి చేసి నాలుక కింద వేయాలి. దాచుకుని బయట అమ్ముకోకుండా, కరిగాక నోరు తెరిపించి చూడాలి. అందరివీ చూశాను. లారీ నడిపిన రోజుల్లో మత్తుసూదికి అలవాటుపడ్డ మా పెద్దమామ వంతు రాగానే, ఏడాదిగా చేస్తున్నట్టే తల వంచుకుని సంతకం పెట్టించుకున్నాను. మా మామగారికి అన్న. ఆయన్ను నోరు తెరవమని కోడలిని నేనెట్లా అనగలను?

"ఈయన నోరు చూడవా?" అని డాక్టరమ్మ తమిళంలో అడిగింది. నేను బదులు చెప్పేలోపే పెద్దమామ నోరు తెరిచి నాలుక పైకెత్తాడు. పొడి పూర్తిగా కరిగిపోయింది. అక్కడే ఒక పుండు, గట్టిపడిన పాత పుండు.

డాక్టరమ్మ ఏదో రాసుకుంది. సర్టిఫికెట్ సంగతి చెప్పకుండానే బస్సెక్కింది. రేపు పెద్దమామను పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

సాయంత్రం ఆయన్నే అడిగాను, ఎన్నాళ్లుగా ఉందని.

"ఆరు నెలలాయ అమ్మీ. కోడలితో ఎట్ల చెప్పేది? నోరు చూసేది నీ పని గదా, ఏదో ఒక దినం చూస్తావులే అనుకుంటి."