పదకొండు పేజీల వరద

రేపల్లె,
13-6-1971, ఆదివారం.

చిరంజీవి బసవేశ్వరరావును దేవుడు చల్లగా చూడాలని ప్రార్థన చేసుకుని, మీ తెలుగు మేడమ్ సారా తల్లి రాహేలు వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ కొల్లూరులో నువ్వు, మీ అమ్మగారు, నాన్నగారు, మీ గేదెలు అన్నీ క్షేమమని తలుస్తాను.

బాబూ, నీ కార్డు మంగళవారం అందింది. ఇన్నాళ్లూ జవాబు రాయలేదని నొచ్చుకోకు. మిషను బడిలో మూడో తరగతి దాకా చదివినదాన్ని. ఒక్కో మాట రుబ్బురోలు తిప్పినట్టు తిప్పితేగాని కాగితం మీదికి రాదు. బుధవారం మొదలుపెట్టి రెండు కాగితాలు పాడుచేశాను. ఇది మూడోది. తప్పులుంటే నవ్వుకో, నాకేమీ బాధ లేదు.

మీ ఏడుగురిలో ఆరుగురు తెలుగు పాసయ్యారని, నువ్వొక్కడివే తప్పావని రాశావు. మేడమ్ గారు పోతూ పోతూ కోరిన ఒక్క కోరికా నా వల్లే చెడింది, ఇక మీ మొహం చూడలేను, సెప్టెంబరు పరీక్షకు కూర్చోను, చదువు చాలించి నాన్నతో లంకలో అరటి తోట చూసుకుంటాను అని రాశావు. చోటు చాలక ఆ ముక్కలు అంచున నిలువుగా రాశావు. కార్డు తిప్పి తిప్పి చదివాను. చదివిన దగ్గర్నుంచీ నాకు అన్నం సయించడం లేదు. ఆ మాటకే ఈ ఉత్తరం. కానీ ముందు నీకు చెప్పుకోవలసినవి వేరే ఉన్నాయి. అవి చెబితేగాని ఇది చెప్పలేను.

సారా నాకు ఒక్కతే బిడ్డ. బోర్డింగు బడిలో వంట చేసి ఎమ్మే దాకా చదివించాను. బాపట్ల కాలేజీలో తెలుగు చెప్పే ఉద్యోగం వచ్చి ఏడాదిన్నర కూడా కాలేదు. ప్రతి శనివారం తెనాలిలో బండి మారి ఇంటికి వచ్చేది. కొత్త సంవత్సరం ఆరాధనకు పచ్చకామెర్లతో వచ్చింది. పది రోజులు మంచంలో ఉంది. మళ్లీ బండెక్కలేదు. ఇదంతా నీకు తెలిసిందే. రాయకపోతే చెయ్యి ముందుకు పోవడం లేదు.

సారా పోయాక పెట్టిన ఆదరణ ప్రార్థన రోజున మీ క్లాసు నుంచి ఏడుగురు వచ్చారు. ప్రిన్సిపాలు గారు పంపారేమో అనుకున్నాను. హాఫియర్లీలో తెలుగు తప్పిన ఏడుగురే మీరని తర్వాత తెలిసింది. అందరూ కదిలాక నువ్వు పందిరి రాట పట్టుకుని నిలబడిపోయావు. అమ్మగారూ, మేడమ్ ఏటి వరద పద్యాలు చదువుతుంటే వెనక బెంచీలోంచి హైలెస్సా అని అరిచింది నేనేనండి, క్లాసంతా నవ్విందండి, మేడమ్ పుస్తకం మూసేసి వెళ్లిపోయారండి అన్నావు. మా గురించి ఏమన్నా అన్నారాండి అని అడిగావు. అన్నది బాబూ, ఆ ఏడుగురూ మార్చిలోనే పాసవ్వాలి, ముఖ్యంగా ఆ కొల్లూరు అబ్బాయి, నా కోరిక అదొక్కటే అంది, అని చెప్పాను. నీ మొహం పాలిపోయింది. అట్లాగే అమ్మగారూ అని నేలకు చెప్పినట్టు చెప్పి వెళ్లావు.

మరుసటి ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఏడుగురూ నా అరుగు మీద కూర్చున్నారు. కొత్త సారు ఇంకా రాలేదండి, మేడమ్ రాసుకున్న నోట్సు ఇస్తే ఎత్తి రాసుకుని తెచ్చిస్తామండి అని మీ అంగలకుదురు మల్లికార్జునరావు అడిగాడు. పుస్తకం గడప దాటదు, కావాలంటే ఇక్కడే కూర్చుని చదువుకోండి అన్నాను. తెలుగు కోసం బండి మారి రేపల్లె రావడం ఏంట్రా బాబూ, లెక్కలు పోతే ఏడవాలి గానీ, తెలుగు మార్చిలో పోతే సెప్టెంబరు లేదా అని అతను గొణిగాడు. మీలోనే ఉన్న దేవదాసు అతని నెత్తిన ఒక్కటిచ్చి, మేడమ్ కోరికరా అది, మూసుకుని కూర్చో అన్నాడు. ముసలిదానికి వినపడదనుకున్నారు.

మొదటి వారం మీరు చదివింది చూస్తే నాకు నవ్వొచ్చింది. కళ్లు పుస్తకం మీద, మనసు తెనాలి బండి మీద. అప్పుడు నాకు మా కూటం పద్ధతి గుర్తొచ్చింది. మా చర్చి ఆడవాళ్ల ప్రార్థన కూటంలో చదువు వచ్చినవాళ్లు బైబిలు వాక్యం చదివి, రానివాళ్లకు అర్థమయ్యేదాకా చెప్పాలి. రానివాళ్లు తలూపితేనే చదివినవాళ్లు కూర్చోవాలి. బోధకుడైనా సరే అంతే. రెండో వారం నుంచి మీకూ అదే పెట్టాను. లేచి నిలబడండి, పద్యం చదవండి, నాకు చెప్పండి, నేను తలూపితే కూర్చోండి అన్నాను. మల్లికార్జునరావు గుండె బాదుకున్నాడు. అయ్యబాబోయ్, యూనివర్సిటీ వాళ్లకంటే మీరే గట్టివారండీ అన్నాడు.

నీ వంతుకి ఆ వరద పద్యాలే వచ్చాయి. అర్థం గడగడా అప్పజెప్పావు. నేను తలూపలేదు. ఏరు ఎర్రగా ఎందుకవుతుంది బాబూ అని అడిగాను. ఎగువన మట్టి కోసుకొస్తుందిగా అండి అన్నావు. ముందు నీళ్లు వస్తాయా అన్నాను. నువ్వు పుస్తకం కింద పెట్టావు. ముందు నీళ్లు రావండి, నురగ వస్తుందండి, దాని వెనకాల అరటి బోదెలు వస్తాయండి, మా లంకలో పాములు తుమ్మచెట్లెక్కేస్తాయండి, మా నాన్న గేదెల పలుపులు కత్తితో కోసేస్తాడండి, కట్టేసి ఉంచితే చచ్చిపోతాయండి, వదిలేస్తే అవే ఈదుకుని గట్టెక్కుతాయండి అన్నావు. అంటూ అంటూ ఆగిపోయావు. పుస్తకం తీసి మళ్లీ చూశావు. ఇదేనండి, కట్లు తెగిన ఆలమందలు అని ఇక్కడ రాసింది ఇదేనండి అన్నావు. నేను తలూపాను. నువ్వు కూర్చోలేదు. మిగతా మూడు పద్యాలూ నిలబడే చెప్పావు. ఒరేయ్, పరీక్షలోకి కూడా గేదెల్ని తోలుకొచ్చేట్టున్నావు అని మల్లికార్జునరావు ఎగతాళి చేశాడు. మా ఇంట్లో జనవరి తర్వాత నవ్వులు వినపడింది ఆ రోజే.

ఇంకొకటి. మొదటి రెండు వారాలూ మీకు వేరుశనక్కాయలే పెట్టాను. మా ఇంటి కుండలో మెతుకు మీ ఇళ్లలో ముట్టరని నాకు తెలుసు. మీకు ఇబ్బంది, నాకు చిన్నతనం ఎందుకని ఊరుకున్నాను. మూడో వారం నువ్వు వంటింటి వైపు తల తిప్పి, ఏంటండీ అమ్మగారూ, చేపల పులుసు వాసన మా ముక్కులకేనా, నోళ్లకు లేదా అన్నావు. విస్తళ్లు వేసి వడ్డించాను. సారా వస్తుందని శని, ఆదివారాల్లో రెండు గుప్పిళ్లు ఎక్కువ పోసే అలవాటు నాకు పోలేదు. ఆ అన్నం మిగిలిపోతే ఏం చెయ్యాలో తెలిసేది కాదు. మీరు వచ్చాక మిగల్లేదు నాయనా. ఆ ఒక్కదానికే మీకు రోజూ దండం పెట్టుకుంటాను.

ఎనిమిది ఆదివారాలు వచ్చారు. మా సారా రాసుకున్న మాటలు మీ ఏడు గొంతుల్లో విన్నాను. దేవదాసు నత్తి నత్తిగా చదివినా విన్నాను. అది ఎంతమంది తల్లులకు దొరుకుతుంది?

పరీక్ష అయిన ఆదివారం నువ్వు నవ్వుకుంటూ వచ్చావు. వరద పద్యాలే అడిగారండి, పదకొండు పేజీలు రాశానండి, మీరు ఎదురుగా కూర్చుని తలూపేదాకా చెప్పినట్టే రాశానండి, ఇంతలో గంట కొట్టేశారండి, మిగతా ప్రశ్నలు ముట్టుకోనే లేదండి అన్నావు. మల్లికార్జునరావు నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. నాలుగు పేజీలు చాలురా నాయనా, పేపరు దిద్దేది రాహేలమ్మగారనుకున్నావా అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆ నవ్వులో ఉన్న నష్టం నాకు తెలియలేదు. ప్రశ్నలన్నీ ముందు చూసుకుని, గడియారం చూసుకుంటూ అన్నిటికీ కొంచెం కొంచెం రాయాలని చెప్పడానికి నేనెప్పుడైనా పరీక్ష రాస్తే కదా. నువ్వు తప్పింది నా పద్ధతి వల్ల. నీకు పద్యం రాక కాదు. ఆ పేపరు దిద్దినాయన ఎవరో గానీ, ఆ పూట కుర్చీలో కూర్చునే కృష్ణ వరద చూసి ఉంటాడు.

మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. నీ కొడుకును ఎనిమిది ఆదివారాలు నాకిచ్చావు తల్లీ, ఎంతో మేలు చేశావు అని రాహేలు అందని చెప్పు.

నీ మేలు కోరే,
రాహేలు.

తా.క. పైదంతా రాసి, మడిచి, కవరులో పెట్టి మళ్లీ తీశాను. అసలు మాట రాయకుండానే పేరు పెట్టేశాను.

సారా ఆ మాట అనలేదు నాయనా. మీ పాసు గురించి ఏమీ కోరలేదు. నువ్వు హైలెస్సా అన్న వారం ఇంటికి వచ్చి ఏడ్చింది. జబ్బులో మంచం మీద కూర్చుని రాజీనామా రాసి నాకు చదివి వినిపించింది. ఆ క్లాసులో నా గొంతు ఒక్కడి చెవికైనా చేరలేదమ్మా, ఇక ఆ మొహాలు చూడను అంది. ఆ కాగితం నేను పోస్టు చెయ్యలేదు.

నీ మొహం చూసి జాలేసి అబద్ధం ఆడాననుకున్నాను. అదీ నిజం కాదు. పోయిన మనిషి కోరిక అంటే మీరు మళ్లీ వస్తారని ఆడాను. నోట్సు ఇంట్లోంచి పోనివ్వనిదీ అందుకే. ఇంట్లో మనుషుల గొంతులు కావలసి వచ్చాయి నాకు. ఆమె పేరు పెట్టి మిమ్మల్ని కట్టేశాను. దేవుడి ముందు ఆ రోజే ఒప్పుకున్నాను. నీ ముందు ఒప్పుకోవడానికి ఐదు నెలలు పట్టింది. మిగతావాళ్లకు నువ్వే చెప్పు. కోప్పడితే పడతాను.

ఒక్కడి చెవికైనా చేరలేదు అన్నది కదా, అది మాత్రం తప్పు. అది ఆమె తెలుసుకోకుండా పోయింది. నాకు తెలిసింది.

నువ్వు చెడగొట్టిన కోరిక అంటూ ఏదీ లేదు బాబూ. నువ్వు తలదించుకోవలసిన పనీ లేదు. సెప్టెంబరు పరీక్షకు కూర్చో. ఈసారి ఇది సారా మాట కాదు, నా మాటే. పోయినవాళ్లు అడిగారంటే కాదనడానికి ఎవరికీ నోరు రాదు. నేను బతికే ఉన్నాను. నన్ను నువ్వు కాదనొచ్చు.