మామయ్య బండికి పచ్చ కూలెంటు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా, మన పాత కారు తప్ప. నువ్వొచ్చి వెళ్ళిన దగ్గర్నుంచి దానికి ఒళ్ళు కాలిపోతోంది. కొండ ఎక్కేటప్పుడు మాడు వాసన, సగంలో మొరాయింపు. మీ అత్తయ్య వాళ్ళ అక్క ఇల్లు ఆ కొండ మీదే కదా! మొన్న మళ్ళీ నడిచి ఎక్కాల్సొచ్చింది. పైకి చేరాక ఆవిడ ఒక్కటే మాట అంది: "ఇంకోసారి ఆగిందంటే పాత ఇనుము వాడికి ఇచ్చేస్తాను." అన్నదంటే చేస్తుంది, నీకు తెలుసు.

నాకు దిగులుగా ఉందిరా. మీ అత్తయ్యకి డ్రైవింగ్ నేర్పింది ఈ బండిలోనే. జన్మలో ఆవిడ నా మాట విన్నది అప్పుడే.

ఇన్నాళ్ళూ అన్నీ మెకానిక్కే చూసేవాడు, నాకు తాళం తిప్పడం తప్ప ఏమీ తెలియదు. ఇప్పుడాయన కొట్టు మూసేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. స్పేర్ పార్టుల కొట్టున్న అల్లుడివి, ఇంజను చల్లబడ్డానికి ఏ కూలెంటు పొయ్యాలో నువ్వే చెప్పు. పక్కింటాయన ఎర్రది పొయ్యమంటున్నాడు.

ఇట్లు,
మామయ్య

తా.క.: బండి వెనకాల నువ్వు అంటించిన నీ కొట్టు స్టిక్కరు భేషుగ్గా ఉంది. ఈ చివర్నుంచి ఆ చివరిదాకా సందు లేకుండా అంటించావు. నేను కొండ మీద ఆగినప్పుడల్లా వెనక బండ్ల వాళ్ళు తీరిగ్గా చదువుకుంటున్నారు.

*

మామయ్యకి నమస్కారాలు.

మీకు దణ్ణం పెడతాను, ఎర్రది పొయ్యకండి. పాత ఇంజన్లలో పాతకాలపు అతుకులు, వాషర్లు ఉంటాయి. వాటికి పాత రకం పచ్చదే పడుతుంది. అలాగని ఉత్త రంగు చూసి నమ్మకండి, కంపెనీకో రంగు కలుపుతారు. డబ్బా మీద పాత ఇంజన్లకి అని రాసుండాలి. రెండు రకాలు కలిపితే లోపల గడ్డకట్టి కూర్చుంటుంది.

డబ్బా పంపుతున్నాను. సగం అది, సగం డిస్టిల్డ్ వాటరు. ఇంజను చల్లారాక మూత ఎత్తండి. ఓ పక్కన తెల్ల ప్లాస్టిక్ సీసా ఉంటుంది. అందులో గీత దాకా పొయ్యండి.

మీ అల్లుడు

తా.క.: పక్కింటాయన తన బండికి ఏది పోస్తున్నాడో కనుక్కోండి. ఆయనకీ ఓ డబ్బా అమ్ముదాం.

*

ఒరేయ్ అల్లుడూ,

ఆశీస్సులు. బండి ముందువైపు మూత ఎత్తాను. స్టెపినీ, పాత గొడుగు, ఓ మూల నువ్వు చెప్పిన తెల్ల సీసా ఉన్నాయి. ఇంజను వాటి కిందెక్కడో ఉండుంటుంది, నేను కెలకలేదు. గీత దాకా పోసి కొండెక్కాం. యథాప్రకారం సగంలో ఆగింది! దిగి వస్తుంటే దుమ్ము రేగింది. వైపర్ల మీట నొక్కానో లేదో, అద్దమంతా పచ్చగా జిగురు! మీ అత్తయ్య కిటికీలోంచి తల బయటపెట్టి దారి చెబితే ఇల్లు చేరాం. దారితో పాటు ఇంకా చాలా చెప్పింది.

మామయ్య

తా.క.: ఇంజను చప్పుడు వెనకనుంచి వస్తోందేమిట్రా?

*

మామయ్యా,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివి కొట్లోనే కూలబడ్డాను. అద్దానికి జిగురు పట్టిందంటే లోపల హీటరు గొట్టం పగిలిందన్నమాట. కూలెంటంతా కారిపోతుంటే ఇంజను మాత్రం ఏం మిగులుతుంది? బండి తియ్యకండి. చెప్పడానికి నాకూ నోరు రావట్లేదు గానీ, ఈసారికి అత్తయ్య మాటే వినండి.

మీ అల్లుడు

తా.క.: చప్పుడు గురించి బెంగపడకండి. వయసు మీద పడితే చెవులు అలాగే తికమకపెడతాయి.

*

చిరంజీవికి,

నీ ఉత్తరం నాకంటే ముందు మీ అత్తయ్య చదివేసింది. పాత ఇనుము వాడు రేపొస్తాడు. ఇవాళంతా బండిలోనే కూర్చున్నాను. కాఫీ అక్కడికే తెచ్చిచ్చింది, నేను అడక్కుండానే. అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

మామయ్య

తా.క.: గొడుగు మాత్రం తీసి దాచుకున్నాను.

*

చిరంజీవికి,

అత్తయ్య దీవెనలు. మీ మామయ్య సిగ్గుతో కలం పట్టనంటున్నారు, అందుకని నేనే రాస్తున్నాను.

ఇనుము వాడు వచ్చేలోగా నీ స్టిక్కరు పీకేద్దామని వెళ్ళాను. కొత్తగా పెట్టుకున్న కొట్టు, దాని పేరు తుక్కులో పడటం నాకిష్టం లేదు. పీకితే దాని కింద రేకుకి వరసగా చీలికలు. ఆ రేకే వెనక మూత, అది ఎత్తితే, నాయనా, ఇంజను అక్కడుంది! పక్కనే ఇంత ఫ్యాను. రేడియేటరు లేదు, నీళ్ళ గొట్టం మచ్చుకైనా లేదు. ఆ చీలికల్లోంచి గాలి పీల్చుకుని చల్లబడే ఇంజన్రా అది! మనం దాని ముక్కూ నోరూ మూసేసి, ఒళ్ళెందుకు కాలుతోందని మందు వెతికాం.

తాళం నేనే తీసుకుని, ఈయన్ని పక్కన కూర్చోబెట్టుకుని కొండెక్కాను. ఎక్కడా ఆగలేదు. పైకి చేరాక మీ మామయ్య అద్దం తుడుస్తున్నట్టు నటిస్తూ కళ్ళు తుడుచుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది, పైకి చెప్పలేదు.

ఇనుము వాడిని వట్టి చేతులతో పంపడం బాగోదని పాత ఇస్త్రీ పెట్టె ఇచ్చాను. బండి ఇవ్వను. ఇకనుంచి నేనే నడుపుతాను.

అత్తయ్య

తా.క.: ఆ తెల్ల సీసా అద్దం కడుక్కునే నీళ్ళది. జిగురు ఇంకా వదల్లేదు, ఆదివారం గుడ్డ తెచ్చుకుని రా. నీ స్టిక్కరు చిరగకుండా తీసి దీంతో పంపుతున్నాను. దాని మీద అంతంత అక్షరాలతో ఏం రాయించావో నువ్వూ ఓసారి చదువుకో: "మీ ఇంజను చల్లదనం మా బాధ్యత."