ఎర్రముక్కు పురుగులకు పిలుపు

నా సంపూర్ణకు,

దేవుని దయవల్ల ఇక్కడ నేనూ, నీ కోళ్లూ కులాసా. విశాఖలో నువ్వూ, బాలింత వినీలా, పసివాడూ చల్లగా ఉన్నారని తలుస్తాను. మనవడికి నా ముక్కే వచ్చిందని రాశావు. పాపం, పెద్దయితే సర్దుకుంటుందిలే.

మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గలేదు, అలవాటయింది. మట్టల ఆదివారానికి ఎప్పట్లాగే గుడికి మన కొబ్బరి మట్టలు ఇస్తున్నారా అనీ అడిగావు. దానికి జవాబు కాస్త చుట్టు తిరిగి వస్తుంది, ఓపిక పట్టు.

కొబ్బరికి ఎర్రముక్కు పురుగని ఒకటుంది. మగవాడికి మంచి చెట్టు దొరికితే ఒంటరిగా తినడు. ఒంట్లోంచి ఒక వాసన వదులుతాడు. సాయంత్రాలు మంచం వాల్చుకుని ఊహించుకుంటుంటాను: ఆ వాసన బందరు కాలువ దాటి, చేల మీదుగా, కంటికి కనపడని పొగలా సాగుతూ పోతుంది. ఎక్కడెక్కడి ఆడా మగా తలెత్తి, మనవాళ్లు పిలుస్తున్నారని బయల్దేరతాయి. మనుషుల్లో ఇంత పొందిక ఉంటే మన సంఘానికి రెండు కమిటీలెందుకు? సరే.

ఆ వాసననే పొట్లం కట్టి అమ్ముతున్నారు. మన సంఘంలోని జాన్‌బాబుకి వన్ టౌన్‌లో పురుగుమందుల కొట్టుంది కదా, అక్కడ కొన్నాను. బెల్లం నీళ్ల బకెట్‌లో వేలాడదీస్తే పురుగులొచ్చి పడి చస్తాయి.

"బాబాయ్, చెట్లకి దూరంగా, గట్టు మీద కర్రకి కట్టండి" అన్నాడు.

"నువ్వు పుట్టకముందు నుంచీ కొబ్బరి పెంచుతున్నాన్రా" అన్నాను.

మన గేటు పక్క కొబ్బరి, పెళ్లయిన ఏడాది నువ్వు నాటిన చెట్టాయె. క్రిస్మస్ వెళ్లాక నువ్వు బండెక్కిన మర్నాడే, కాపలా ఉంటుందని, ఆ బకెట్ దాని మానుకే కట్టాను. వారంలో ముప్పై పురుగులు పడ్డాయి. పొంగిపోయాను. పడనివి ఎక్కడ దిగాయో ఆలోచించలేదు.

చెట్టు నెత్తిన లేత మొవ్వు వాలిందని ఫోనులో చెప్పి, ఎండదెబ్బ అన్నాను చూడు, అది అబద్ధం సంపూర్ణా. మానుకి చెవి ఆనిస్తే లోపల కరకరా నములుతున్న చప్పుడు. వాటిని పిలిచింది నేను.

ఇక చెట్టు బతకదు. నువ్వొచ్చేదాకా ఉంచుదామనుకున్నాను. కానీ లోపల రెక్కలొచ్చినవి పక్కింటి అబ్రహాము చెట్ల మీదికి పోతాయట. పన్నెండు చెట్లు. రేపు కొట్టించి తగలబెట్టిస్తాను, ఈసారి మట్టల ఆదివారానికి గుడికి మన మట్టలుండవు. అబ్రహాముకి నిజం చెప్పేశాను. "నాకెందుకన్నా, ముందు వదినకి చెప్పు" అన్నాడు.

నువ్వొచ్చి గేటు తియ్యగానే ఆ చోట ఉత్త ఆకాశం కనబడుతుంది. ఏమైందని ఇరుగుపొరుగుని అడక్కు. గుమ్మంలోనే నిలబడి ఉంటాను, నన్నడుగు.

ఇట్లు,
చెబితే వినని నీ భర్త,
జీవరత్నం