పుట్టుకతో వచ్చిన మెడ ఎముక

జిల్లా ఆరోగ్యాధికారి గారి సముఖమునకు,
కిగేజీ కొండసీమ, ర్వాబుటారే కొండ నివాసి, జొన్న రైతు ఎరియా న్డ్యానాబో రాసుకొను అర్జీ.

విషయం: నా భార్య కెబిరుంగి మెడ ఎముక గురించి తమ కార్యాలయం రాసిన "రోగం కాదు" అన్న మాట కొట్టివేసి, కంపాలా పెద్దాసుపత్రికి ఉత్తరం ఇప్పించుట గురించి.

అయ్యా,

1. నా భార్య దగ్గినా నవ్వినా తల వెనుక గొడ్డలి దిగినట్టు నొప్పి. చేతులకు వేడి తెలియదు. మొన్న పొయ్యి మీది చిలగడదుంపల కుండను వట్టి చేతులతో దించింది. చర్మం కాలిన వాసన నాకు తెలిసింది గాని ఆమెకు తెలియలేదు.

2. మిషను ఆసుపత్రి డాక్టరమ్మ స్కానింగు తీయించి ఫిల్ము చూపించారు. మెడలో మొదటి ఎముక విడిగా ఉండక పుర్రె అడుగున అతుక్కుపోయి ఉంది. చిన్నమెదడు కొస కిందికి జారి వెన్నుపాము దారిలో ఇరుక్కుంది. ఆపరేషను చేయకపోతే కాళ్ళు కూడా పోతాయని, ఎముక ఇలా ఉన్నవాళ్ళకు ఎక్కడ కోయాలో పెద్దాసుపత్రిలోనే తేల్చాలని చెప్పారు.

3. డాక్టరమ్మ రాసిన కాగితంలో మొదటి వరుస "పుట్టుకతో వచ్చిన ఎముక తేడా". తమ గుమాస్తా అక్కడే ఆగిపోయాడు. తేడా అంటే జబ్బు కాదని, ముక్కులు కూడా అందరివీ ఒకలా ఉండవని చెప్పి, "రోగం కాదు" అని రాసేశాడు. రెండో వరుస చదవమంటే తనకు పని ఉందన్నాడు.

4. తమ దగ్గరికి వచ్చాము. తమరు ఫిల్మును కవరులోంచి తీయలేదు. వేయించిన వేరుశనగలు నములుతూ, "మన ఆడవాళ్ళందరి మెడలూ ఇంతేనయ్యా. బరువులు మోసి మోసి అలా అవుతాయి. తల మీద చుట్టకుదురు కాస్త మెత్తగా చుట్టుకోమను" అన్నారు. పొట్టు కవరు మీద పడింది. కెబిరుంగి దులపబోయి, వేళ్ళకు ఏదీ తెలియక, తుడిచిన చోటే తుడుస్తూ ఉండిపోయింది. తమరు నవ్వారు.

బయటికి వచ్చాక ఆమె అంది: "ఆయన తల తీసి ఈ మెడ మీద పెట్టమను. బరువు తక్కువ, నొప్పుండదు." అని నవ్వబోయి, నొప్పికి గోడ పట్టుకుంది.

5. తమరి నవ్వు చూసి నాకు కలిగిన అసహ్యం ఏ అంశం కింద రాయాలో తెలియక ఐదవదిగా రాస్తున్నాను.

కావున ఆ మాట కొట్టివేసి ఉత్తరం ఇప్పించ ప్రార్థన. ఆమె కాళ్ళు ఆడుతుండగానే చిత్తగించవలెను.

అలవాటు కొద్దీ,
తమ విధేయుడు,
ఎరియా న్డ్యానాబో

తా.క.: మా కొండ మీద రోగిని డోలీలో మోయడానికి ఇంటికొక మగవాడి వంతు. వంతు తప్పినవాడి ఇంట్లో చావు జరిగితే ఎవరూ భుజం పట్టరు. తమ ఇల్లూ ఈ కొండదే. ఇన్నాళ్ళూ తమ బదులు కూలివాణ్ణి పంపారు; ఈసారి ఒప్పుకోనని డోలీ పెద్ద అన్నాడు. సోమవారం కెబిరుంగిని మోసుకుని తమ ఆఫీసుకే వస్తున్నాము. ఉత్తరం ఇస్తే అక్కడే బస్సెక్కిస్తాము. ఇవ్వకపోతే కంపాలా దాకా డోలీ బొంగు ముందు కొస తమరి భుజం మీదే. ఆమె మెడ కదలకూడదు. చూసి అడుగు వేయండి.